అసలు డేటాబేస్ మీద చెయ్యి వేసే ముందు

2025 సెప్టెంబరు 22, సోమవారం. విజయవాడ ఇంద్రకీలాద్రి మీద దసరా ఉత్సవాలు మొదలైన రోజే దేశమంతటా జీఎస్టీ కొత్త రేట్లు అమల్లోకి వచ్చాయి. జీఎస్టీ మండలి 56వ సమావేశం ఆ నిర్ణయం ప్రకటించింది సెప్టెంబరు 3న. మధ్యలో మూడు వారాలైనా లేవు. ఈలోగా విజయవాడలో మందుల హోల్‌సేల్ దుకాణాలు, ఆటోనగర్ స్పేర్‌పార్టుల షాపులు, గొల్లపూడి టోకు మార్కెట్టు, బీసెంట్ రోడ్డు షోరూములు అన్నీ తమ బిల్లింగ్ కంప్యూటర్లలో వేల సరుకులకు పన్ను రేటు మార్చుకోవాల్సి వచ్చింది. ఆదివారం రాత్రి కట్టే ఆఖరి బిల్లు పాత రేటుతో, సోమవారం పొద్దున బోణీ బిల్లు కొత్త రేటుతో పడాలి. పైగా పండగ గిరాకీ.

చూడటానికి ఇది చిన్న మార్పే. ఒక గడిలో 12 తీసేసి 5 వేయడం. కానీ మందుల షాపులో ఒక మాత్రల పెట్టె సంగతి చూడండి. ఆగస్టులో 12 శాతం పన్నుతో అమ్మారు. గడువు తీరిందని అక్టోబరులో రిటైలరు వెనక్కి పంపాడు. అమ్మిననాటి రేటుతోనే, అంటే 12 శాతంతోనే క్రెడిట్ నోట్ రాయాలి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పన్ను రేటును సరుకుల పట్టికలో ఒక్కచోటే పెట్టుకుని, ప్రతిసారీ అక్కడి నుంచే లెక్క తీస్తుంటే, రేటు మార్చిన మరుక్షణం ఆ క్రెడిట్ నోట్ 5 శాతంతో పడుతుంది. ఆగస్టు బిల్లును మళ్ళీ ప్రింటు తీస్తే అదీ 5 శాతమే చూపిస్తుంది. అప్పటికే దాఖలు చేసిన రిటర్నుకూ, షాపులో ఉన్న లెక్కకూ పొంతన కుదరదు. ఇది బయటపడేది నెల గడిచాక, ఆడిటర్ దగ్గర.

ఈ తప్పు ముందే పట్టుకోవడానికి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. లెక్కల నకలొకటి పక్క కంప్యూటర్లో పెట్టి, రేటు మార్చి, మూడు బిల్లులు చూస్తే చాలు: ఒక కొత్త అమ్మకం, ఒక పాత బిల్లు పునర్ముద్రణ, ఒక వాపసు. ట్యాలీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకు రేటు ఏ తేదీ నుంచి వర్తిస్తుందో చెప్పే వీలుంది కాబట్టి కొంత నయం. స్థానికంగా రాయించుకున్న సాఫ్ట్‌వేర్లలో ఆ వీలు ఉందో లేదో నకలు మీద చేసి చూస్తే తప్ప యజమానికి తెలియదు.

నడుస్తున్న డేటాబేస్‌ను మార్చే ముందు సురక్షితమైన పరీక్షా స్థలం ఏర్పాటు చేసుకోవాలన్న మాట కంప్యూటర్ రంగంలో అందరూ ఒప్పుకునేదే. ఎవరూ కాదనరు, చాలామంది చేయరు. చేసేవాళ్ళలోనూ ఎక్కువమంది పేరుకు ఒక టెస్ట్ సర్వర్ పెట్టి, నూరు వరుసల ఉత్తుత్తి సమాచారం నింపి, పని నడిచిందని తృప్తి పడతారు. నా వాదన ఒక్కటే. పరీక్షా స్థలం పనికొచ్చేది, అందులో అసలు సమాచారపు వంకరలన్నీ ఉన్నప్పుడు, వెనక్కి తిరిగి వచ్చే దారిని కూడా అక్కడే నడిచి చూసినప్పుడు. విజయవాడ చుట్టుపక్కల దాదాపు మూడు దశాబ్దాల కంప్యూటరీకరణ చరిత్రను ఆ కళ్ళతో చూడటం అవసరం.

పొలం కంప్యూటర్లోకి ఎక్కిన కాలం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ల కంప్యూటరీకరణ, అంటే కార్డ్ పథకం, 1998 నవంబరు 4న 214 సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయాల్లో మొదలైంది. అదే రోజుల్లో విజయవాడ నగరపాలక సంస్థ ‘వాయిస్’ పేరుతో ఆస్తిపన్ను, నీటిపన్ను, జనన మరణ ధ్రువపత్రాలు, ప్లాను అనుమతులను కంప్యూటర్ మీదికి తెచ్చింది. దేశంలో ఒక మునిసిపాలిటీ చేసిన తొలి ప్రయత్నాల్లో అదొకటి. అప్పట్లో ఒక రక్షణ ఉండేది. కంప్యూటర్ తప్పు చెప్పినా పక్కనే పుస్తకం ఉంది. గుమాస్తా రిజిస్టరు తీసి చూసేవాడు. ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) కావాలంటే 1983 నుంచి కంప్యూటర్లో, అంతకుముందువి చేత్తో వెతికి ఇవ్వడం అన్న విభజన ఇప్పటికీ జనం నోళ్ళలో ఉంది.

ఆ రక్షణ క్రమంగా పోయింది. భూరికార్డుల వ్యవస్థ వెబ్‌ల్యాండ్ వచ్చాక అడంగల్ (సాగు వివరాలు), 1-బీ (యాజమాన్య వివరాలు) రికార్డుల్లో కంప్యూటర్లో ఉన్నదే ప్రమాణమైంది. 2015లో మీభూమి పోర్టల్ వచ్చాక రైతు తన పొలం వివరాలు ఫోన్లో చూసుకుంటున్నాడు. బ్యాంకు పంట రుణం ఇచ్చేది ఆ వివరాలు చూసే, ధాన్యం కొనుగోలు కేంద్రంలో పేరు నమోదయ్యేదీ వాటి ఆధారంగానే. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు మొదలయ్యాయి. అంటే ఒకే సమాచారాన్ని ఒకేసారి చదివేవాళ్ళు, అందులో రాసేవాళ్ళు ఇంకా పెరిగారు. రాత్రి పదకొండుకు కార్యాలయం మూసి ఉంటుంది. డేటాబేస్ మూసి ఉండదు.

డెల్టాలో కాలువలకు మరమ్మతు చేయాలంటే వేసవిలో నీళ్ళు కట్టేస్తారు. పూడిక తీసి, లాకులు బాగుచేసి, జూన్ ప్రాంతంలో మళ్ళీ వదులుతారు. డేటాబేస్‌కు అలాంటి కట్టేసే కాలం లేదు. నీళ్ళు పారుతుండగానే గోడ మార్చాలి. అందుకే అచ్చం అలాంటిదే ఇంకొకటి పక్కన కావాలి.

జిల్లాల విభజననే చూడండి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. కృష్ణా జిల్లా చీలింది. విజయవాడ ఎన్టీఆర్ జిల్లా కేంద్రమైంది, మచిలీపట్నం కృష్ణా జిల్లాకు కేంద్రంగా నిలిచింది, కైకలూరు, నూజివీడు ఏలూరు జిల్లాలో కలిశాయి. ప్రభుత్వ శాఖలే కాదు, ఆసుపత్రులు, కళాశాలలు, చిట్‌ఫండ్ కంపెనీలు, కొరియర్ సంస్థలు అన్నీ తమ డేటాబేసుల్లో జిల్లా గడి మార్చుకోవాల్సి వచ్చింది. ఇక్కడ ఎవరికైనా ముందు తట్టే ఆజ్ఞ ఒకటుంది: ఊరు విజయవాడ అని ఎక్కడెక్కడ ఉందో అక్కడల్లా జిల్లాను ఎన్టీఆర్‌గా మార్చు. ఒక్క వాక్యం, ఒక్క నొక్కు. కానూరు, పోరంకి, తాడిగడప వాళ్ళు చిరునామాలో విజయవాడ అనే రాస్తారు. ఆ ఊళ్ళున్న పెనమలూరు మండలం మాత్రం ఆ విభజనలో కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది. నది దాటితే తాడేపల్లి, ఉండవల్లి గుంటూరు జిల్లా. అక్కడా ‘విజయవాడ దగ్గర’ అని రాసుకునేవాళ్ళకు కొదవ లేదు. అసలు డేటాబేస్ మీద ఆ ఆజ్ఞ నడిపితే వేల కుటుంబాలు తమవి కాని జిల్లాలోకి వెళ్ళిపోతాయి. వెనక్కి తేవాలన్నా ఎవరు ముందు ఏ జిల్లాలో ఉన్నారో చెప్పే గడి అప్పటికే చెరిగిపోయి ఉంటుంది.

నూరు కల్పిత చిరునామాలున్న టెస్ట్ సర్వర్లో ఈ తప్పు దొరకదు. కల్పించినవాడు విజయవాడ అంటే విజయవాడే అనుకుని నింపుతాడు. పెనమలూరు వాడి చిరునామా నిజంగా ఎలా ఉంటుందో అసలు సమాచారానికే తెలుసు.

పైలట్ వేరు, పరీక్ష వేరు

మన దగ్గర పరీక్ష అనగానే వినిపించే మాట పైలట్. భూముల రీసర్వేకు జగ్గయ్యపేట మండలం తక్కెళ్ళపాడును పైలట్‌గా తీసుకున్నారు. 2020 డిసెంబరు 21న అప్పటి ముఖ్యమంత్రి ఆ ఊళ్ళోనే రాష్ట్రవ్యాప్త రీసర్వేను ప్రారంభించారు. తెలంగాణలో 2020 అక్టోబరు 29న భూరికార్డుల పోర్టల్ ధరణి రాష్ట్రమంతా ఒకేసారి మొదలైంది. అంతకుముందు సెప్టెంబరు నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు ఆపేశారు. దాని స్థానంలో వచ్చిన భూభారతిని 2025 ఏప్రిల్ 14న మొదలుపెట్టినప్పుడు మాత్రం ముందుగా నాలుగు మండలాల్లో నడిపి చూశారు. ఖమ్మం జిల్లా నేలకొండపల్లి అందులో ఒకటి. ఒకేసారి దిగడం కన్నా నాలుగు మండలాల దారి మేలు. అందులో సందేహం లేదు.

అయినా పైలట్ పరీక్షా స్థలానికి ప్రత్యామ్నాయం కాదు. పైలట్ గ్రామంలో ఉన్నది అసలు రైతు, అసలు పొలం, అసలు పాస్‌పుస్తకం. అక్కడ తప్పు జరిగితే నష్టం నిజమైనదే, కాకపోతే తక్కువమందికి. ముందు నకలు మీద అన్నీ చూసుకుని, మిగిలిపోయిన అనుమానాలు తీర్చుకోవడానికి వెళ్ళాల్సిన మెట్టు పైలట్. దానికే మొదటి పరీక్ష అప్పగిస్తే ఆ ఊరివాళ్ళకు అన్యాయం చేసినట్టు.

ఇంకో చిక్కు ఉంది. ఒక ఊరు మిగతా ఊళ్ళన్నిటికీ ప్రతినిధి కాదు. జగ్గయ్యపేట వైపు మెట్ట. దివిసీమలోనో, తోట్లవల్లూరు లంకల్లోనో పరిస్థితి వేరు. అక్కడ కృష్ణ వరదల్లో ఒడ్డు కోసుకుపోతుంది, ఇంకోచోట మేట వేస్తుంది. కాగితం మీద ఉన్న విస్తీర్ణం నేల మీద ఉండదు. అన్నదమ్ముల వాటాలు సెంట్లలో ఉంటాయి. రీసర్వేలో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీ (ల్యాండ్ పార్సెల్) నంబర్లు ఇచ్చినప్పుడు, కొన్నిచోట్ల అనేకమంది యజమానులను ఒకే ఎల్‌పీ నంబరు కింద ఉమ్మడిగా చూపించారు. విడగొట్టి ఇవ్వమని రైతులు తహసీల్దారు కార్యాలయాల చుట్టూ తిరగాల్సి వచ్చింది. సర్వే లోపం ఎంత, సాఫ్ట్‌వేర్ లోపం ఎంత అన్నది వేరే చర్చ. పరీక్ష కోణంలో పాఠం మాత్రం స్పష్టంగానే ఉంది. నకలులోకి ఎంచుకునే గ్రామాల్లో లంక గ్రామం ఉండాలి, దేవాదాయ భూములున్న గ్రామం ఉండాలి, 22-ఏ రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో సగం సర్వే నంబరు చేరిన గ్రామం ఉండాలి, కోర్టు స్టే ఉన్న ఖాతా ఉండాలి. తేలిక గ్రామాన్ని ఎంచుకుని గెలిచామనుకుంటే గెలిచినట్టు కాదు.

పాత నంబరును చెరిపి దాని మీదే కొత్త నంబరు రాయడాన్ని నేను ఎప్పటికీ ఒప్పుకోలేను. దస్తావేజుల్లో, బ్యాంకు తనఖాల్లో, కోర్టు తీర్పుల్లో ఉన్నది పాత నంబరే. డేటాబేస్ నిపుణులు దీనికి ఏనాటినుంచో చెబుతున్న పద్ధతి ఉంది. ముందు కొత్త గడి అదనంగా చేర్చాలి. కొంతకాలం రెండూ నింపాలి. చదివేవాళ్ళందరూ కొత్త గడికి మారారని తేలాక పాతదానిలో రాయడం ఆపాలి, ఎన్నో నెలల తర్వాత తీసెయ్యాలి. భూమి రికార్డులో ఆ చివరి మెట్టు అసలు ఎక్కక్కర్లేదు. పాత గడి ఉండనివ్వాలి.

బయటి ప్రపంచం నేర్చుకున్నవి

2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజనీరు రెండో సర్వర్ అనుకుని అసలు సర్వర్ మీద డేటా చెరిపేసే ఆజ్ఞ ఇచ్చాడు. ఆపేసరికి సుమారు 300 గిగాబైట్లలో మిగిలింది నాలుగున్నర. ఐదు రకాల బ్యాకప్, నకలు పద్ధతులున్నాయని వాళ్ళ నమ్మకం. ఒక్కటీ సరిగ్గా అక్కరకు రాలేదు. రోజూ తీసే డంప్ కొంతకాలంగా విఫలమవుతోంది, వెర్షన్ తేడా వల్ల. విఫలమైందని చెప్పే ఈమెయిళ్ళు ఎవరికీ చేరడం లేదు. చివరికి వాళ్ళను కాపాడింది, ఆరు గంటల ముందు పరీక్షా సర్వర్ కోసం ఒక ఇంజనీరు తీసిన నకలు. ఆ ఆరు గంటల సమాచారం మాత్రం పోయింది. జరిగిందంతా ఆ సంస్థ బహిరంగంగా రాసి పెట్టడం వల్ల ప్రపంచానికి మేలు జరిగింది.

దీని నుంచి చాలామంది తీసుకునే పాఠం ‘బ్యాకప్ తీయండి’ అని. నాకు అంతకన్నా ముఖ్యంగా కనిపించేది వేరు. బ్యాకప్ తీశామన్నది రుజువు కాదు, దాన్ని ఇంకోచోట నిలబెట్టి నడిపిస్తేనే రుజువు. పరీక్షా స్థలాన్ని ప్రతి నెలా బ్యాకప్ నుంచే తాజాగా కట్టుకునే అలవాటు ఉంటే, మార్పుల పరీక్షా అవుతుంది, బ్యాకప్ బతికే ఉందన్న నిర్ధారణా అవుతుంది. ఎంతసేపు పడుతుందో కూడా తెలుస్తుంది. నిజంగా అవసరమైన రోజున పై అధికారి అడిగే మొదటి ప్రశ్న అదే.

బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు కథ ఇంకో రకం. 2018 ఏప్రిల్‌లో ఒక వారాంతంలో 52 లక్షల మంది ఖాతాదారుల వివరాలను కొత్త వ్యవస్థకు తరలించారు. సమాచారం చేరింది గానీ వ్యవస్థ నిలబడలేదు. లక్షలమంది తమ ఖాతాలు తెరవలేకపోయారు. తర్వాత వచ్చిన స్వతంత్ర నివేదికలో తేలినదేమిటంటే, రెండు డేటా సెంటర్లుండగా భారం మోపి చూసిన పరీక్షలు ఒకదానిమీదే జరిగాయి. 2022 డిసెంబరులో నియంత్రణ సంస్థలు 4.865 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. పరీక్ష జరిగింది, కానీ అసలుతో సమానమైన చోట జరగలేదు. 2022 ఏప్రిల్‌లో అట్లాసియన్ సాఫ్ట్‌వేర్ సంస్థలో ఒక పాత అప్లికేషన్ తీసెయ్యడానికి రాసిన స్క్రిప్టుకు ఇవ్వాల్సిన గుర్తింపు సంఖ్యల బదులు ఏకంగా సైట్ల సంఖ్యలిచ్చారు. 775 మంది ఖాతాదారుల సైట్లు చెరిగిపోయాయి. పూర్తిగా తిరిగి తేవడానికి కొందరి విషయంలో రెండు వారాలు పట్టింది. స్క్రిప్టు బాగానే ఉంది. దానికి అందించిన జాబితాను ఎవరూ విడిగా పరీక్షించలేదు.

తెలుగు సమాచారంలో దాగిన గోతులు

ఇంగ్లీషు పుస్తకాల్లో దొరకని కష్టాలు కొన్ని మనకున్నాయి. ఇవి దగ్గరగా చూస్తేనే కనిపిస్తాయి.

యూటీఎఫ్-8లో ఒక తెలుగు అక్షర సంకేతానికి మూడు బైట్లు పడుతుంది. ‘వేంకటేశ్వరరావు’ అన్న పేరులో గుణింతం, వత్తు, సున్న అన్నీ విడివిడిగా లెక్కేస్తే 14 సంకేతాలు, అంటే 42 బైట్లు. ఒరాకిల్ డేటాబేస్‌లో పేరు గడికి 50 అని పొడవు పెడితే, విడిగా చెప్పకపోతే, అది 50 బైట్లనే అర్థం. ఇంగ్లీషులో 50 అక్షరాలు పట్టే గడిలో వేంకటేశ్వరరావుకు ఇంటిపేరు చేర్చగానే చోటు చాలదు. ఆ వరుసను డేటాబేస్ లోపలికి రానివ్వదు. ఇంగ్లీషు పేర్లతో పరీక్షించిన బృందానికి ఈ సంగతి అసలు రోజున, వేల వరుసలు ఎక్కుతుండగా తెలుస్తుంది.

‘ప్రసాద్’ అన్న పేరు చివర పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని సంకేతం ఒకటి చేరుస్తాయి, కొన్ని చేర్చవు. తెర మీద రెండూ ఒకటే. కంప్యూటర్‌కు వేరు వేరు. అడంగల్‌లోని ప్రసాద్, సహకార సొసైటీ లెక్కల్లోని ప్రసాద్ ఒకరేనా అని పేరుతో పోల్చి చూసే పని పెట్టుకుంటే, కంటితో చూసినవాళ్ళకు ఎందుకు కలవలేదో అంతుపట్టదు. పాత అను ఫాంట్లలో కొట్టిన జాబితాలను యూనికోడ్‌కు మార్చినప్పుడు వచ్చే తేడాలు ఇంకొకటి.

సర్వే నంబరు సంగతి అందరికీ అనుభవమే. 5/2 అన్న సబ్‌డివిజన్‌ను ఎక్సెల్‌లో తెరిస్తే ఫిబ్రవరి 5 అయి కూర్చుంటుంది. ఆ ఫైలును సేవ్ చేసి డేటాబేస్‌లోకి ఎక్కిస్తే అసలు నంబరు పోయినట్టే. విస్తీర్ణం లెక్కా అంతే. మన వైపు ఎకరాలు, సెంట్లు. 1.99కి ఒక సెంటు కలిపితే 2.00. సరిహద్దు దాటి కోదాడ వెళితే ఎకరాలు, గుంటలు. అక్కడ 1.39కి ఒక గుంట కలిపితే 2.00 కావాలి. మామూలు దశాంశంగా కూడితే 1.40 వస్తుంది. రెండు రాష్ట్రాల్లోనూ పొలాలున్న కుటుంబాలు జగ్గయ్యపేట ప్రాంతంలో అరుదు కాదు. ఇక్కడ రాసిన సాఫ్ట్‌వేర్‌ను అక్కడికి తీసుకెళ్ళినా, అక్కడిది ఇక్కడికి తెచ్చినా ఈ కూడిక ముందుగా నకలు మీద చేసి చూడాల్సిందే.

అందుకే పరీక్ష ముగిశాక చూడాల్సింది తెర బాగా కనిపిస్తోందా అని కాదు. మార్పుకు ముందు, తర్వాత గ్రామాల వారీగా ఖాతాలెన్ని, మొత్తం విస్తీర్ణమెంత, తనఖాలో ఉన్నవెన్ని, ఖాళీ గడులెన్ని అన్న లెక్కలు తీసి పక్కపక్కన పెట్టాలి. ఒక్క సెంటు తేడా వచ్చినా ఎందుకో తేలేదాకా ముందుకు వెళ్ళకూడదు. సహకార సంఘాల్లో పాతకాలపు కార్యదర్శులు రోజు చివర నగదు చూసుకుని, పుస్తకంతో కలిసేదాకా ఇంటికి వెళ్ళేవారు కాదు. కేంద్రం 2022 జూన్‌లో 63 వేల ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల కంప్యూటరీకరణకు 2,516 కోట్ల రూపాయల పథకం ఆమోదించాక ఆ పుస్తకాలే ఇప్పుడు కంప్యూటర్‌లోకి ఎక్కుతున్నాయి. కొంతకాలం పుస్తకం, కంప్యూటర్ రెండూ సమాంతరంగా నడిపి, ప్రతి రైతు అసలు, వడ్డీ కలిశాకే పుస్తకం మూయాలి. లక్ష రూపాయల పంట రుణానికి 7 శాతం చొప్పున ఏడాదికి 7,000 అన్నది అందరికీ నోటికి వచ్చే లెక్క. గడువుకు నాలుగు రోజుల ముందు కట్టిన రైతుకు రాయితీ పోగా ఎంత, గడువు దాటిన మర్నాడు కట్టినవాడికి ఎంత అన్నవే అసలు ప్రశ్నలు.

నకలు కట్టడం ఎలా

పద్ధతి గురించి పెద్ద వివాదం లేదు. బ్యాకప్‌ను వేరే యంత్రం మీద నిలబెట్టాలి. అసలు సర్వర్‌కు ఈ యంత్రం నుంచి దారి ఉండకూడదు. పాస్‌వర్డులు వేరుగా ఉండాలి, తెర రంగు కూడా వేరుగా ఉంటే మంచిది. గిట్‌ల్యాబ్‌లో జరిగినట్టు ఏ కిటికీలో ఉన్నామో మరిచిపోవడం మనిషికి సహజం. ఎస్‌ఎంఎస్, ఈమెయిలు, చెల్లింపుల దారులు తెంచేయాలి. అది మరిచిపోతే పరీక్ష నడుస్తుండగా ‘మీ ఖాతా నుంచి 2 ఎకరాలు బదిలీ అయ్యాయి’ అని అసలు రైతు ఫోనుకు కబురు వెళుతుంది. అవనిగడ్డలోనో గుడివాడలోనో ఒక ముసలాయన ఆ రాత్రి నిద్రపోడు.

పరిమాణం విషయంలో రాజీ పడకూడదు. వెయ్యి వరుసల పట్టికలో కొత్త గడి చేర్చడం కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది. కోటి వరుసలున్నచోట అదే ఆజ్ఞ పట్టికకు తాళం వేసి, మిగతా పనులన్నిటినీ వెనక నిలబెట్టవచ్చు. పోస్ట్‌గ్రెస్ 11 నుంచి, మైఎస్‌క్యూఎల్ 8.0.12 నుంచి కొన్ని రకాల గడులు వెంటనే చేరతాయి. మిగతా మార్పులన్నిటికీ ఆ సౌకర్యం లేదు. ఇంకో తేడా కూడా గమనించాలి. పోస్ట్‌గ్రెస్‌లో పట్టిక ఆకృతి మార్చే ఆజ్ఞను చాలావరకు మధ్యలో రద్దు చేసి వెనక్కి రావచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో అలాంటి ఆజ్ఞ ఇవ్వగానే అంతకుముందు చేసిందంతా ఖాయమైపోతుంది. ‘రోల్‌బ్యాక్ ఉంది కదా’ అన్న ధీమా ఒక డేటాబేస్‌లో సరైనది, ఇంకోదానిలో ప్రమాదం.

అసలు వివాదం ఉన్నది వేరేచోట. అచ్చమైన సమాచారంతోనే పరీక్షించాలని ఇంతసేపూ వాదించాను. ఆ సమాచారం రైతుల పేర్లు, ఆధార్ నంబర్లు, ఫోన్లు, అప్పులు. పరీక్షా యంత్రానికి కాపలా ఎప్పుడూ తక్కువే. కాంట్రాక్టు సిబ్బంది, శిక్షణలో ఉన్న కుర్రాళ్ళు, ఒక్కోసారి ఇంటికి తీసుకెళ్ళే ల్యాప్‌టాప్. 2023 ఆగస్టులో చట్టమైన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం, కాపాడే ఏర్పాట్లలో లోపానికి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చని చెబుతోంది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. పరీక్ష కోసం తీసిన నకలు కదా అన్న మినహాయింపు దొరుకుతుందని ఎవరూ ఆశపడకూడదు.

కాబట్టి పేర్లు మార్చాలి, వంకరలు ఉంచాలి. ఇది చెప్పినంత తేలిక కాదు. ఒక రైతు అడంగల్‌లో, రుణ ఖాతాలో, కొనుగోలు కేంద్రంలో మూడుచోట్ల ఉంటే, మూడుచోట్లా ఒకే మారుపేరు పడాలి. లేకపోతే పట్టికల మధ్య సంబంధం తెగుతుంది. పొడవైన పేరుకు పొడవైన మారుపేరే ఇవ్వాలి. చివర కనిపించని సంకేతం ఉంటే దాన్నీ ఉంచాలి. ఆధార్ 12 అంకెల్లో ఆఖరిది మిగతా పదకొండు సరిగ్గా ఉన్నాయో లేదో చెప్పే తనిఖీ అంకె. ఇష్టమొచ్చినట్టు అంకెలు వేస్తే అప్లికేషన్ వాటిని తిప్పికొడుతుంది. తనిఖీకి నిలిచేలా వేసినా ఇంకో చిక్కు: ఆ నంబరు నిజంగా ఎవరికో ఉండవచ్చు. అందుకే బయటి ఆధార్ ధ్రువీకరణ దారి కూడా తెంచే ఉండాలి. ఈ పని ఒకసారి ఓపిగ్గా స్క్రిప్టుగా రాసుకుంటే, ప్రతి నెలా నకలు కట్టేటప్పుడు దానంతటదే జరుగుతుంది. నా లెక్కలో మొత్తం ఏర్పాటులో ఎక్కువ డబ్బు, ఎక్కువ తెలివి పెట్టాల్సింది ఇక్కడే.

యంత్రాల ఖర్చు దానితో పోలిస్తే చిన్నది. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ ఉచితంగా దొరుకుతాయి. హోల్‌సేల్ షాపుకు మూలన పడ్డ పాత కంప్యూటర్ చాలు. ట్యాలీలో అయితే బ్యాకప్ తీసి ఇంకో ఫోల్డర్‌లో రిస్టోర్ చేసుకోవడమే నకలు. ప్రభుత్వ పనుల్లో అడ్డం పడేది డబ్బు కాదు, టెండరు కాగితం. అందులో సాఫ్ట్‌వేర్ రాయడానికి పద్దు ఉంటుంది, సర్వర్లకు ఉంటుంది, నకలు నెలనెలా కట్టి నడిపే మనిషికి విడిగా పద్దు ఉండాలి. అలాగే పరీక్షించే చేతులకూ ఉండాలి. వీఆర్వో, గ్రామ సర్వేయరు, దస్తావేజు లేఖరి, సొసైటీ గుమాస్తా - గోతులు ఎక్కడున్నాయో తెలిసినవాళ్ళు వీళ్ళే. నాలుగు రోజులు వాళ్ళను రోజువారీ పని నుంచి తప్పించి నకలు ముందు కూర్చోబెట్టి, మీ దగ్గరకు వచ్చే అతి చిక్కు కేసులు ఇందులో చేసి చూడండి అనాలి. తండ్రి పోయి వీలునామా లేని నలుగురు వారసుల మ్యుటేషన్ ఎలా వస్తుందో వాళ్ళు అరగంటలో చూపిస్తారు. పరీక్ష అంటే హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో సాఫ్ట్‌వేర్ కంపెనీ చేసుకునే పని అన్న భావన పోవాలి.

వెనక్కి వచ్చే దారిని కూడా అక్కడే నడవాలి. మార్పు మధ్యలో ఆగిపోయిందని అనుకుని, గడియారం పెట్టుకుని పాత స్థితికి తేవాలి. రాత్రి పదికి మొదలుపెట్టి, రెండింటికల్లా ఫలానా మెట్టు దాటకపోతే ఆపేసి వెనక్కి వెళ్తామని ముందే రాసుకోవాలి. ఆ మాట చెప్పే అధికారం ఎవరిదో పేరుతో సహా కాగితం మీద ఉండాలి. అర్ధరాత్రి రెండింటికి అలిసిపోయిన మనుషులు ‘ఇంకో పది నిమిషాలు చూద్దాం’ అంటారు. తెల్లారేసరికి కార్యాలయం ముందు జనం ఉంటారు.

ఇక రోజు ఎంచుకోవడం. డెల్టాలో జూన్, జూలైలో నారుమళ్ళు, పంట రుణాల రద్దీ. నవంబరు నుంచి జనవరి దాకా ధాన్యం కొనుగోళ్ళు. మార్చి నెలాఖరు లెక్కలు. రిజిస్ట్రేషన్ విలువలు పెరుగుతాయని తెలిసిన నెలలో సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయాల మీద ఎంత ఒత్తిడి ఉంటుందో ఆ వరండాల్లో నిలబడ్డవాళ్ళకు తెలుసు. వ్యాపారులకైతే దసరా నుంచి దీపావళి దాకా చెయ్యి ఖాళీ ఉండదు. భూమి, రుణాల డేటాబేసులకు సంక్రాంతి వెళ్ళాక ఫిబ్రవరి మధ్య వారాలు కాస్త తెరిపి. ఫిబ్రవరిలో మార్పు చేయాలంటే జనవరిలో రెండుసార్లు పూర్తి రిహార్సల్ జరగాలి. దానికి డిసెంబరులోనే, కొనుగోళ్ళ రద్దీలో ఉన్న డేటాబేస్ నుంచి, నకలు తీసి పెట్టుకోవాలి. ఏడాదిలో సమాచారం అత్యంత చిక్కుగా, బరువుగా ఉండేది అప్పుడే.